పట్టకారు పట్టు వదలదు

బిలాస్‌పూర్ నుంచి ముంగేలి వెళ్ళే దారిలో, మనియారి నది ఒడ్డున తఖత్‌పూర్ ఉంది. తఖత్ అంటే సింహాసనం. ఊరి పేరులో సింహాసనం ఉంటే ఏం లాభం? అక్కడైనా, ఆ చుట్టుపక్కల సంతల్లోనైనా, రోడ్డు పక్కన కొలిమి పెట్టుకుని కత్తులు, కొడవళ్ళు చేసి అమ్ముకునే మన శిక్లీగర్ కుటుంబానికి కూర్చోవడానికి ఒక పీట, నెత్తిన నాలుగు రేకులు ఉంటే అదే పదివేలు. వాన గట్టిగా పడితే కొలిమి చల్లారిపోతుంది. సంత జరగకపోతే ఆ వారం చేతిలో రూపాయి ఆడదు. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, గురుద్వారాలో గురుముఖి. ఈ మూడింటి నడుమ పిల్లలు పెరుగుతున్నారు. ఈ రోజు ఉన్నచోట వచ్చే ఏడాది ఉంటామో లేదో తెలియదు.

ఇలాంటి బతుకులో ఒక ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రాక మానదు. రాత్రి పిల్లలు పడుకున్నాక, తల్లి మెల్లగా అడుగుతుంది: "రోజూ అర్దాస్ చేస్తున్నాం. ఆయన కాపాడుతున్నాడనే అంటున్నాం. కాపాడుతుంటే మనకు ఇన్ని దెబ్బలెందుకు?"

ఈ ప్రశ్న అడగడం పాపం కాదు. దీన్ని మనసులో దాచుకుని, పైకి మాత్రం తల ఊపడమే ప్రమాదం. ఈ రోజు ఆ ప్రశ్ననే సంగత్ నడుమ పెట్టుకుని విచారం చేద్దాం.

కొలిమి చెప్పే పాఠం

మనది ఇనుముతో బతికిన జాతి. 'సైకల్' అనే అరబ్బీ మాటకు మెరుగు పెట్టడం అని అర్థం. ఆయుధాలకు మెరుగు పెట్టేవాడు శిక్లీగర్. ఆరవ గురువు శ్రీ గురు హర్‌గోబింద్ సాహిబ్ 1606లో మీరీ, పీరీ అనే రెండు కత్తులు ధరించారు. అమృత్‌సర్‌లో అకాల్ తఖత్ నెలకొల్పారు. గురువుల ఆయుధశాలలకు పనిచేసిన వంశం మనదని మన తాతముత్తాతలు చెబుతూ వచ్చారు. అందుకని ఈ విచారాన్ని పెద్ద పెద్ద మాటల్లో కాకుండా మన పని మాటల్లోనే చేద్దాం.

కొలిమి దగ్గర ఏం జరుగుతుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు. తిత్తి ఊదితే బొగ్గు రాజుకుంటుంది, ఇనుము ఎర్రబడుతుంది. పనిలో ఆరితేరిన పెద్దాయన పట్టకారుతో ఆ ముక్కను పట్టి తీసి దాగలి మీద పెడతాడు. ఎదురుగా నిలబడి సమ్మెట ఎత్తేది ఇంకొకరు. కొడుకు కావచ్చు, తమ్ముడు కావచ్చు, చాలా ఇళ్ళలో ఇల్లాలే సమ్మెట ఎత్తుతుంది. దెబ్బ మీద దెబ్బ పడుతుంది.

ఇప్పుడు చెప్పండి, దెబ్బ పడే క్షణంలో పట్టకారు వదులైతే ఏమవుతుంది? ముక్క ఎగిరిపోతుంది. ఎవరి కాలో కాలుతుంది, చేసిన పని పాడవుతుంది. అందుకే మన పిల్లలకు మొట్టమొదట సమ్మెట ఎత్తడం నేర్పం, పట్టకారు పట్టడం నేర్పుతాం. దెబ్బ ఎంత బలంగా పడబోతుందో, పట్టు అంత బిగువుగా ఉండాలి. ఇది మన పనిలో మొదటి పాఠం.

ఆ ఇనుముకు నోరుంటే ఏమంటుందో ఆలోచించండి. "అబ్బా, చంపేస్తున్నారు" అంటుంది. సమ్మెట ఒక్కటే దానికి తెలుస్తుంది. కానీ సమ్మెట పడుతుంది, లేస్తుంది. రెండు దెబ్బల మధ్య అది గాలిలో ఉంటుంది. పట్టకారు మాత్రం దెబ్బకు ముందూ ఉంది, దెబ్బ పడేటప్పుడూ ఉంది, దెబ్బ తర్వాతా ఉంది. మంటలో పెట్టిందీ, మాడిపోకముందే బయటికి తీసిందీ అదే. రంగు చూసి ఇక చాలు అని నీళ్ళలో ముంచిందీ అదే.

సాధ్ సంగత్ జీ, అకాల్ పురఖ్ కాపుదల ఇలాంటిది. దెబ్బ పడదని ఆయన మాట ఇవ్వలేదు. పట్టు వదలనని మాట ఇచ్చాడు. మనం ఎన్నో ఏళ్ళుగా మొదటి మాట కోసం ఎదురు చూస్తూ, రెండో మాటను వినకుండా పోతున్నాం.

సమ్మెట ఎవరిది?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పడిన ప్రతి దెబ్బనూ దేవుడు కావాలని కొట్టిన దెబ్బ అనకూడదు. హుకమ్‌కు బయట ఏదీ లేదని గురు నానక్ సాహిబ్ జపుజీ మొదట్లోనే తెలియజేశారు. నిజమే. కానీ హుకమ్ పేరు చెప్పి దుర్మార్గుడి పనిని వెనకేసుకు రావడం గురువు నేర్పలేదు.

1521 ప్రాంతంలో బాబర్ సైన్యం సైద్‌పూర్ మీద పడింది. ఊరు తగలబడింది, ఆడవాళ్ళు చెరలో పడ్డారు. అప్పుడు గురు నానక్ సాహిబ్ ఏం చేశారు? "అంతా వాళ్ళ కర్మ" అని పక్కకు తప్పుకోలేదు. బాబర్ చేసింది జులుం అన్నారు. ఇంత ఏడుపు విని నీకు నొప్పి కలగలేదా అని కర్తారునే నిలదీసినట్టుగా శబదాలు పలికారు. గురువే అలా అడిగాక, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడిగితే తప్పు పట్టడానికి మనమెవరం? ఆమె దగ్గరకు వెళ్ళి "దేవుడే తీసుకున్నాడు, ఏడవకు" అని చెప్పి వచ్చేయకండి. పక్కన కూర్చోండి. నీళ్ళు తాగించండి. ఆమె నోటితో అనలేని వాహెగురు నామాన్ని ఆమె తరఫున మీరు అనండి.

సమ్మెట ఒక్కొక్కసారి ఒక్కొక్కరి చేతిలో ఉంటుంది. ఒకసారి జబ్బు చేతిలో, ఒకసారి అప్పు ఇచ్చినవాడి చేతిలో, ఒకసారి అధికారం ఉన్నవాడి చేతిలో, ఒకసారి మన సొంత తాగుడు చేతిలో. అది ఎవరిదో మనకు ప్రతిసారీ తెలియదు. పట్టకారు ఎవరి చేతిలో ఉందో మాత్రం తెలుసు. విశ్వాసం అంటే ఈ రెండో సంగతి తెలిసి ఉండడం.

మఖన్ షా ఓడ

మఖన్ షా లబానా కథ మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఈ విచారం కోసం దాన్ని మళ్ళీ ఒకసారి చూద్దాం. ఆయన సముద్రం మీద సరుకులు తీసుకెళ్ళే వ్యాపారి. తుపానులో ఓడ చిక్కుకుంది. మనిషి చేయగలిగినదంతా అయిపోయింది. అప్పుడు గురువును తలచుకుని, ఒడ్డు చేరితే 500 బంగారు మొహరీలు సమర్పిస్తానని అర్దాస్ చేశాడు. ఓడ ఒడ్డు చేరింది.

1664లో మొక్కు చెల్లించడానికి ఆయన బకాలాకు వచ్చాడు. ఎనిమిదవ గురువు శ్రీ గురు హర్‌క్రిషన్ సాహిబ్ ఢిల్లీలో జ్యోతిలో కలిసిపోతూ, తర్వాతి గురువు బకాలాలో ఉన్నారని సూచించారు. అది విని అక్కడ ఇరవై ఇద్దరు "నేనే గురువును" అంటూ గద్దెలు వేసుకుని కూర్చున్నారు. మఖన్ షా ప్రతి ఒక్కరి ముందూ రెండేసి మొహరీలు పెట్టుకుంటూ పోయాడు. అందరూ తీసుకున్నారు. చివరికి ఏ గద్దే లేకుండా ఇంట్లో ఏకాంతంగా సిమరన్‌లో ఉన్న తేగ్ బహదూర్ జీ ముందు కూడా రెండే పెట్టాడు. మిగతావి ఏవి అని ఆయన అడిగారు. భుజం మీద ఉన్న గుర్తులు చూపించారు. ఓడను మోసినప్పుడు మేకులు గీసుకున్న గుర్తులవి అని మన సాఖీ చెబుతుంది. మఖన్ షా మేడ ఎక్కి, గురువు దొరికాడని ఊరంతా వినిపించేలా కేక పెట్టాడు.

ఈ సాఖీలో మనం ఓడనే గుర్తు పెట్టుకుంటాం. నేను మిమ్మల్ని మేకుల సంగతి గుర్తు పెట్టుకోమంటున్నాను. మేకులు చేసే చేతులు మనవి. అవి ఎంత లోతుకు దిగుతాయో మనకు తెలుసు. కాపాడేవాడు దూరంగా ఒడ్డున కూర్చుని చెయ్యి ఊపలేదు. ఓడ కింద భుజం పెట్టాడు. ఓడలో ఉన్నవాళ్ళ ఒంటి మీద పడాల్సిన గాయం ఆయన ఒంటి మీద పడింది. మనం నిలబడి ఉన్నామంటే, కింద ఎవరో భుజం పెట్టి ఉన్నారు.

ఓడను మోసిన గురువే తల ఇచ్చారు

కథ అక్కడితో ముగిసి ఉంటే ఎంత సులువుగా ఉండేది! మొక్కు మొక్కితే ఓడ ఒడ్డుకు వస్తుంది అని చెప్పి ఊరుకునేవాళ్ళం. కానీ పదకొండేళ్ళు గడవగానే ఏమైంది? కాశ్మీరీ పండితుల ధర్మాన్ని నిలబెట్టడం కోసం అదే గురు తేగ్ బహదూర్ సాహిబ్ ఢిల్లీ చేరారు. ఆయన కళ్ళ ఎదుటే భాయీ మతీ దాస్‌ను రంపంతో కోశారు, భాయీ దయాలాను మరిగే నీళ్ళలో వేశారు, భాయీ సతీ దాస్‌ను దూది చుట్టి కాల్చారు. 1675 నవంబరు 11న చాందినీ చౌక్‌లో గురువుగారి శిరస్సు ఖండించారు.

మఖన్ షా ఓడను నిలబెట్టినవారు తన తలను నిలబెట్టుకోలేకపోయారా? కరామత్ చూపించి ప్రాణం దక్కించుకోమని పాలకులు అడిగారు. ఆయన చూపించలేదు. ఇతరుల ఓడ మునుగుతుంటే భుజం పెట్టిన గురువు, తన ప్రాణం కోసం మాత్రం ఆ దారి ఎంచుకోలేదు. ఎందుకు? కాపుదల అంటే తోలు గీరుకోకుండా బతకడం కాదని మనకు చూపించడానికి. శరీరం పోయింది, పట్టు పోలేదు. తలవంచమన్నారు, వంచలేదు. భయపడమన్నారు, భయపడలేదు. ఆ రోజు ఢిల్లీలో వదులైంది ఔరంగజేబు పట్టే గానీ, గురువును పట్టుకున్న చెయ్యి కాదు.

తర్వాత ఏమైందో గమనించండి. భాయీ జైతా జీ గురువుగారి శిరస్సును గుండెలకు హత్తుకుని ఆనంద్‌పూర్ దాకా తీసుకెళ్ళారు. దేహాన్ని లఖీ షా వంజారా తన బండ్లలో ఎత్తుకెళ్ళి తన ఇంట్లో పెట్టారు. బయట చితి పేర్చితే పట్టుబడతారు కాబట్టి సామానుతో సహా తన ఇంటికే నిప్పు పెట్టి సంస్కారం చేశారు. ఆ చోటే ఈనాటి రకాబ్‌గంజ్ గురుద్వారా. ఒకరు చిన్న కులమని లోకం తోసేసిన మనిషి. ఇంకొకరు బండ్ల మీద ఊరూరా తిరిగే వంజారా. మఖన్ షా లబానా. మనం శిక్లీగర్లం. గురువు చరిత్రలో కీలకమైన గడియల్లో గురువు తన పని అప్పగించింది ఇలాంటి చేతులకే. దీన్ని మన పిల్లలకు చెప్పండి. మనకు ఊరు లేదని ఎవరైనా ఎగతాళి చేసినప్పుడు చెప్పండి.

సిర్సా నుంచి గోదావరి దాకా

దశమ పాతషా శ్రీ గురు గోబింద్ సింగ్ సాహిబ్ తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి శిరస్సును అందుకున్నారు. 1699 వైశాఖికి ఖాల్సాను వెలయించారు. ఆ రోజు తల ఇవ్వడానికి లేచిన ఐదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ మన పక్కనే ఉన్న బీదర్ వాసి. తర్వాత పోహ్ నెల చలిలో ఆనంద్‌పూర్ విడిచి వస్తుంటే సిర్సా నది పొంగి అడ్డం వచ్చింది. కుటుంబం చెల్లాచెదురైంది. చమ్‌కౌర్‌లో అజీత్ సింగ్, జుఝార్ సింగ్ పోరాడి షహీదులయ్యారు. సర్‌హింద్‌లో జోరావర్ సింగ్, ఫతే సింగ్‌లను గోడలో పెట్టి చంపారు. మాతా గుజ్రీ జీ కూడా అక్కడే దేహం చాలించారు. కొద్ది రోజుల్లో తల్లి లేదు, నలుగురు కొడుకులు లేరు. మాఛీవాడా అడవిలో ఒంటరి నడక.

మనలో ఎవరికైనా అందులో పదో వంతు జరిగితే "దేవుడు నన్ను వదిలేశాడు" అంటాం. గురూజీ అనలేదు. ఆ తర్వాతే ఔరంగజేబుకు జఫర్‌నామా రాశారు. అది విజయ పత్రం. అంతా పోయాక విజయమని ఎలా రాయగలిగారు? పట్టకారు ఎవరి చేతిలో ఉందో తెలుసు కాబట్టి.

ఆ నడక ఎక్కడిదాకా వచ్చింది? మన గోదావరి దాకా. 1708లో నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున, గురు గ్రంథ్ సాహిబ్‌కు గురుగద్దీ అప్పగించి ఆయన జ్యోతిలో కలిశారు. అదే గోదావరి అక్కడి నుంచి దిగువకు వచ్చి కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. ఒక నదిని దాటుతూ సర్వం పోగొట్టుకున్న గురువు, ఇంకో నది ఒడ్డున మనకు ఎన్నటికీ పోని గురువును ఇచ్చి వెళ్ళారు. ఎవరు దేహధారి గురువునని వచ్చినా, ఏ కొత్త బాబా మీ వీధిలో డేరా వేసినా, ఇది మరవకండి.

మన కాలు ఎక్కడ జారుతుంది?

మనకు సిర్సాలు రావు. మనకు వచ్చేవి చిన్న వాగులు. అయినా నిలబడినవాణ్ణి పడగొట్టడానికి మోకాలు లోతు నీళ్ళు చాలు.

ఒకటి, జబ్బు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే ఎవరో తాయెత్తు కట్టమంటారు, ఎవరో దిష్టి అంటారు, ఎవరో కోడిని కోయమంటారు. భయంలో ఉన్న తల్లి దేనికైనా ఒప్పుకుంటుంది. 1945లో పంథ్ ఆమోదించిన సిఖ్ రెహత్ మర్యాద తాయెత్తులను, మంత్రతంత్రాలను వద్దంది. అలాగని "వాహెగురు చూసుకుంటాడు" అంటూ ఇంట్లో కూర్చోవడం కూడా విశ్వాసం కాదు. ఏడవ గురువు శ్రీ గురు హర్ రాయ్ సాహిబ్ కీరత్‌పూర్‌లో వైద్యశాల నడిపించి రోగులకు మందులు ఇప్పించారు. గురువే మందు ఇచ్చారంటే, డాక్టరు దగ్గరకు వెళ్ళడం గురువు దగ్గరకు వెళ్ళడానికి అడ్డం కాదు. నోట నామం, చేత మందు. రెండూ ఉండాలి.

రెండు, అప్పు. ఫ్యాక్టరీ కత్తి చవకగా వచ్చింది. మనం నాలుగు గంటలు కొట్టి చేసిన కత్తిని చూసి, కొనేవాడు పక్క దుకాణం ధర చెబుతాడు. అమ్మకం లేని వారంలో వాయిదా కట్టడానికి ఇంకో అప్పు, దాన్ని తీర్చడానికి మరొకటి. అప్పులవాడి కేక వినిపిస్తే గుండె జారిపోతుంది, సీసా దగ్గరకు కాళ్ళు వెళతాయి. వీర్‌జీ, ఆ సాయంత్రమే నీ కాలు తడబడే వేళ. తాగితే అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గదు. ఆ సాయంత్రం నీ దారి సీసా దగ్గరకు కాదు, రెహరాస్ దగ్గరకు మళ్ళించు. రెహరాస్‌లో రోజూ చౌపయీ చదువుతూ, చెయ్యి ఇచ్చి కాపాడమని అడుగుతున్నాం కదా. అడిగినవాడు చెయ్యి చాచి ఉండాలి. పిడికిట్లో సీసా పట్టుకున్నవాడి చేతిని ఎవరు మాత్రం ఎలా పట్టుకుంటారు?

మూడు, చెప్పడానికి కష్టమైనది. అయినా చెప్పక తప్పదు. ఒక రాత్రి ముక్కూమొహం తెలియని మనిషి కొలిమి దగ్గరకు వస్తాడు. "కొడవళ్ళు ఏం చేస్తావు? నీ చేతిలో పని ఉంది. తుపాకీ ఒకటి చేసి పెట్టు, నెల సంపాదన ఒక్క రాత్రిలో ఇస్తా" అంటాడు. ఆ వారం ఇంట్లో బియ్యం లేవు. ఆ మాటకు కాలు జారిన కుటుంబాలు ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కడి తప్పుకు జాతి మొత్తం మీద మచ్చ పడింది. ఏ తప్పూ చేయని పిల్లవాడు కూడా శిక్లీగర్ అని చెప్పుకోవడానికి జంకుతున్నాడు.

ఆ రాత్రి వాహెగురు కాపుదల ఎలా వస్తుంది? పోలీసులకు దొరకకుండా దాచడం రూపంలో రాదు. "చేయను" అనే ఒక్క మాట రూపంలో వస్తుంది. మన పెద్దలు ఆయుధాలు చేశారు, నిజమే. అవి గురువు చేతికి, దీనుల రక్షణకు చేశారు. ఎవరి గుండెల్లోకి దిగుతుందో తెలియని గుండును పంపడానికి చేయలేదు. గురు నానక్ సాహిబ్ మాలిక్ భాగో విందు వదిలి, భాయీ లాలో అనే వడ్రంగి ఇంట ముతక రొట్టె తిన్నారు. చేతి కష్టం ఉన్న రొట్టెలో ఆయనకు పాలు కనిపించాయి. ఇంకొకరి కన్నీళ్ళతో వచ్చిన రొట్టెలో నెత్తురు కనిపించింది. ఖాళీ కంచం ముందు "చేయను" అన్నవాడి మణికట్టును గురువు పట్టుకుని ఉన్నాడు. ఆ మాట వాడికి ఒక్కడికే చేతనైన మాట కాదు.

ఆయన చేతులు ఎక్కడ ఉన్నాయి?

అయితే సంగత్ జీ, ఆ "చేయను" అన్నవాడి ఇంట్లో మర్నాడు పొయ్యి ఎలా వెలగాలి?

ఇక్కడే మనం తరచుగా తప్పించుకుంటాం. "దేవుడు ఉన్నాడు, అంతా మంచే జరుగుతుంది" అని భుజం తట్టి వెళ్ళిపోతాం. దేవుడికి రూపం లేదని మనం నమ్ముతాం. రూపం లేనివాడికి చేతులెక్కడివి? లఖీ షా చేతులే ఆ రోజు ఆయన చేతులు. భాయీ జైతా చేతులే ఆయన చేతులు. ఈ రోజు మీ వీధిలో పొయ్యి వెలగని ఇంటికి రెండు కిలోల బియ్యం పట్టుకెళ్ళే చేతులు ఆయన చేతులు. దస్‌వంధ్ అని గురువు మనకు నేర్పింది ఇందుకే. నూరు రూపాయల్లో పది అని లెక్క వేయలేనివాడు పిడికెడు పిండి తీసి పెట్టినా చాలు. వారానికి ఒకసారి కలిసినప్పుడు "ఎవరింట్లో ఇబ్బంది ఉంది?" అని నోరు తెరిచి అడగండి. అడగడానికి మొహమాటపడేవాళ్ళే ఎక్కువ ఇబ్బందిలో ఉంటారు.

బిలాస్‌పూర్ స్టేషన్‌లో రద్దీ చూసే ఉంటారు. నెత్తి మీద మూట, ఒక చేత సంచి, ఇంకో చేత పిల్లవాడు. జనం తోసుకొస్తుంటే తల్లి పిల్లవాడి మణికట్టును ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, వాడు నొప్పి పుట్టి ఏడుస్తాడు. అయినా ఆమె వదలదు. వదిలితే వాడు ఏమైపోతాడో ఆమెకు తెలుసు. వాడికి తెలిసిందల్లా నొప్పి ఒక్కటే. మన జీవితంలో కొన్ని బిగింపులు అలాంటివే. తాగుడు మానమని వెంటపడే భార్య, బడి మాన్పించవద్దని పోరు పెట్టే అక్క, తప్పుడు పని వద్దని గద్దించే గ్రంథీ, వీళ్ళు మనకు నొప్పిగా అనిపిస్తారు. వాళ్ళ చేతులను విదిలించుకోకముందు ఒక్క క్షణం ఆగండి. ఆ పట్టు ఎవరిదో ఆలోచించండి.

మణికట్టు మీది కడా

చివరిగా, మీ కుడి చేతి వైపు చూడండి. అక్కడ కడా ఉంది. ఇనుముతో చేసింది. బహుశా మన వాళ్ళలోనే ఎవరో కొలిమిలో కాల్చి, కొట్టి, సానబట్టి చేసి ఉంటారు. దానికి మొదలు లేదు, తుది లేదు. మణికట్టు చుట్టూ అది ఎలా ఉందో చూడండి, ఎవరో చెయ్యి వేసి పట్టుకున్నట్టు లేదూ? తుపాను ఓడలో ఉన్నా, తఖత్‌పూర్ సంతలో ఉన్నా, ఆసుపత్రి బెంచీ మీద ఉన్నా అది అక్కడే ఉంటుంది. మంచి పని చేసేటప్పుడే కాదు, చెడ్డ పనికి చెయ్యి చాచేటప్పుడు కూడా అది కనిపిస్తుంది. దాన్ని ఒంటి మీది నగగా చూడకండి. గురువు పట్టిన పట్టకారు అనుకోండి.

రోజూ మూడు పనులు చేద్దాం. తెల్లవారుజామున లేచి, కొలిమి రాజేయకముందే కాసేపు నామం జపిద్దాం. చేతనైనవాళ్ళు జపుజీ చదవండి, చదవడం రానివాళ్ళు వాహెగురు అనండి, అది చాలు. పగలంతా నీతిగా కష్టపడదాం. రాత్రి పడుకోబోయే ముందు మన వీధిలో ఒక్క ఇంటి పేరైనా అర్దాస్‌లో తలచుకుందాం. తలచుకున్న ఇంటికి మర్నాడు వెళదాం.

మనియారిలో వానాకాలం నీళ్ళు పొంగుతాయి, ఎండాకాలం ఇసుక తేలుతుంది. సింహాసనాల మీద కూర్చున్నవాళ్ళు వచ్చారు, పోయారు. గురువును చంపించిన వాళ్ళ తఖత్ ఇప్పుడు ఎక్కడ ఉంది? సచ్చా పాతషా తఖత్ మాత్రం కదలదు. ఆ తఖత్ కింద మన కొలిమి ఉంది, మన పిల్లలు ఉన్నారు, మన తడబడే అడుగులు ఉన్నాయి. సమ్మెట పడినప్పుడు ఏడవండి, తప్పులేదు. కానీ ఎర్రగా కాలిన ఆ క్షణంలో కూడా గుర్తు చేసుకోండి: మనం నేల మీద పడి లేము, ఒక చేతిలో ఉన్నాం.

వాహెగురు ఈ కుటుంబాలన్నిటినీ చర్దీ కలాలో ఉంచుగాక. అందరికీ మేలు జరుగుగాక.

వాహెగురూజీ కా ఖాల్సా, వాహెగురూజీ కీ ఫతహ్!